అవయవదానం చేసిన ఇంటికి ఆ తర్వాత ఏం అవసరం? (కర్నూలు, అనంతపురం, కడప)

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కర్నూలు, నంద్యాల వైపు ఊళ్లలో అవయవదానం గురించి చెప్పే చిన్న సంఘం మాది. దానం చేయమని చెప్పే కరపత్రాలకు కొదవ లేదు. సంతకం పెట్టి, మనిషిని సాగనంపి ఇంటికొచ్చిన వాళ్ల చేతిలో పెట్టదగ్గ కాగితమే లేదు. పెద్ద దినం అయిపోయి చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. "గుండె కొట్టుకుంటుండగానే ఒప్పుకున్నామే, తప్పు చేశామా?" "కిడ్నీలు అమ్ముకున్నారని ఊళ్లో అంటున్నారు, ఏం చెప్పాలి?" "ఇన్సూరెన్సు వాళ్లు చనిపోయిన తేదీ కలవడం లేదంటున్నారు." "గుండె ఎవరికి పెట్టారో ఒక్కసారి చూడొచ్చా?"

వీటన్నిటికీ జవాబుగా నాలుగు పేజీల చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నాం. ఐసీయూల్లో, కంటి బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు, కాగితాల పని తెలిసినవాళ్లు, కౌన్సెలింగ్ చేసేవాళ్లు దయచేసి రాయండి. గంటలు, ఫారం నంబర్లు, ఎక్కడ పని చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నవి కావాలి. మన దగ్గర బైకు ప్రమాదాల కేసులు చాలా ఉంటాయి కాబట్టి ముందు వాటి సంగతే చెప్పండి.

ఐసీయూ_కోఆర్డినేటర్

మీ మొదటి ప్రశ్నకే పుస్తకంలో ఎక్కువ చోటివ్వండి సార్. ఏళ్ల తరబడి ఇంటివాళ్లను వదలని బాధ చాలావరకు అక్కడే పుడుతుంది. మనిషి పోయాడన్న సంగతి తలకెక్కకముందే దానం మాట ఎత్తితే, ఆ రెండూ వాళ్ల మనసులో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "దానానికి ఒప్పుకున్నాం కాబట్టే పోయాడు" అని తర్వాత తోస్తుంది. అందుకే ముందు మరణం గురించి చెప్పాలి. ఏడవనివ్వాలి, ఊరి నుంచి రావాల్సిన వాళ్లను రానివ్వాలి. దానం మాట ఆ తర్వాత, వేరేగా కూర్చున్నప్పుడు.

ఐసీయూలో ఇంటివాళ్లకు కనిపించేదేమిటో ఒకసారి చూడండి. ఒళ్లు వెచ్చగా ఉంటుంది, రొమ్ము లేచి పడుతుంటుంది, మానిటర్ మీద గుండె గీత నడుస్తుంటుంది. దాన్ని చనిపోవడం అంటే ఎవరు నమ్ముతారు? చెప్పాల్సింది ఇది: కొట్టుకునే శక్తి గుండెకు సొంతంగా ఉంటుంది, ఆక్సిజన్ అందినంతసేపు మెదడు ఆజ్ఞ లేకపోయినా కొట్టుకుంటుంది. ఊపిరి సంగతి వేరు. మెదడు కింద ఉండే కాండం చెబితేనే ఊపిరి ఆడుతుంది. అది చచ్చిపోయాక రొమ్మును లేపేది మెషీనే. కోమాలో ఉన్న మనిషి మెదడు కాండం బతికే ఉంటుంది, వాళ్లు కోలుకోవచ్చు. మెదడు కాండం చచ్చిపోవడాన్నే బ్రెయిన్ డెడ్ అంటారు, దీన్నుంచి కోలుకోవడం ఉండదు.

డాక్టర్లు, నర్సులు తెలియక అనే మాట ఒకటుంది: "మెషీన్ తీసేస్తే చనిపోతాడు." ఈ ఒక్క మాట చాలు ఆ తల్లి జీవితాంతం నలిగిపోవడానికి. మెషీన్ తీయడానికి ఒప్పుకున్నది తనే కాబట్టి చంపింది తనే అనుకుంటుంది. "చనిపోయాడు, మెషీన్ గాలి కొడుతోంది" అని చెప్పాలి.

పరీక్షల వివరం పుస్తకంలో తప్పకుండా వేయండి. 1994 నాటి కేంద్ర అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు ఉంటుంది: ఆసుపత్రి బాధ్యుడు, అనుమతి పొందిన జాబితా నుంచి ఒకరు, న్యూరో డాక్టరు, వైద్యం చేస్తున్న డాక్టరు. అవయవాలు తీసే డాక్టర్లు, మార్చే డాక్టర్లు ఈ బోర్డులో ఉండకూడదు. పరీక్షలు రెండు విడతలు, మధ్యలో కనీసం 6 గంటలు. మొదలుపెట్టే ముందు మత్తుమందుల ప్రభావం పోయి ఉండాలి, ఒళ్లు చల్లబడి ఉండకూడదు, బీపీ నిలకడగా ఉండాలి. కంటిపాపలో లైటు వేస్తారు, నల్లగుడ్డుకు దూది తాకిస్తారు, తల అటూ ఇటూ తిప్పి కళ్లు చూస్తారు, చెవిలో చల్లటి నీళ్లు పోస్తారు, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివర్న అప్నియా టెస్ట్: ముందు నిండుగా ఆక్సిజన్ పట్టించి, వెంటిలేటర్ విడదీసి, సన్నటి గొట్టంతో ఆక్సిజన్ వదులుతూ 8 నుంచి 10 నిమిషాలు రొమ్ము వైపే చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఒక్క ఊపిరి కూడా తీసుకోకపోతే మెదడు కాండం పనిచేయడం లేదన్నట్టు. బోర్డు సంతకాలు చేసేది ఫారం 10 మీద.

రెండో విడత అప్నియా టెస్టును ఇంటివాళ్లలో ఒకరిద్దరు చూస్తామంటే చూడనివ్వండి. బలవంతం వద్దు. ఆ పది నిమిషాలు రొమ్ము కదలకపోవడం కళ్లారా చూసినవాళ్లకు తర్వాత అనుమానం తక్కువ. వాళ్లలో ఒకరు చిన్నాయనో మేనమామో అయితే మరీ మంచిది. ఊళ్లో నలుగురికీ చెప్పాల్సింది వాళ్లే.

ఒక హెచ్చరిక. బ్రెయిన్ డెడ్ అయ్యాక కూడా కాలివేలు కదలొచ్చు, చేయి అదరొచ్చు, అరుదుగా రెండు చేతులూ రొమ్ము మీదికి లేవొచ్చు. అది వెన్నుపాము నుంచి వచ్చే కదలిక, మెదడుతో పని లేదు. ముందే చెప్పకపోతే మాత్రం "వేలు కదిలింది, బతికే ఉన్నాడు, కోసేశారు" అన్న మాట ఆ ఇంట్లో ఎప్పటికీ ఉండిపోతుంది. దుప్పటి సర్దుతున్నప్పుడు, మెడ కదిపినప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి పరీక్షలు మొదలవకముందే చెప్పేయాలి.

సమ్మతి కాగితం ఫారం 8. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే ఫారం 9, తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. ఏ అవయవాలకు ఒప్పుకుంటున్నారో విడివిడిగా రాయొచ్చు. గుండె వద్దు, కిడ్నీలు ఇస్తామన్నా సరే. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే మాటంతా మామగారో, బావగారో మాట్లాడి చివర్న భార్యను పిలిచి సంతకం పెట్టించడం. చట్టానికి అది సరిపోవచ్చు. ఆరు నెలలకు ఆమె "నన్నెవరూ అడగలేదు" అంటుంది, ఆ మాట నిజం కూడా. భార్య, తల్లి, తండ్రి, తోబుట్టువులు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నోటా విని, గట్టిగా వద్దన్నవాళ్లుంటే అక్కడితో ఆగిపోవడమే మంచిది. ఒకరు వద్దంటుండగా జరిగిన దానం ఆ ఇంటిని తర్వాత రెండుగా చీలుస్తుంది.

సమయం గురించి పచ్చిగా చెప్పండి. "రెండు మూడు గంటలు" అని ఎవరైనా అంటే అది అబద్ధం. సమ్మతి నుంచి భౌతికకాయం చేతికి వచ్చేవరకు ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, గుండెకు ఎకో, పొట్టకు స్కానింగ్, జీవన్‌దాన్ (అవయవాలు కేటాయించే రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థ) జాబితా ప్రకారం కేటాయింపు, బయటి ఊళ్ల డాక్టర్ల రాక, పోలీసు కాగితాలు అన్నీ ఇందులోనే. తీశాక గుండెకు 4 నుంచి 6 గంటలే గడువు, కాలేయానికి దాదాపు 12, కిడ్నీలకు 24 వరకు. కర్నూలు నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైనే. అందుకే తీసే సమయాన్ని తీసుకెళ్లే దారిని బట్టి నిర్ణయిస్తారు. బయట చెట్టు కింద కూర్చున్న చుట్టాలకు గంటకోసారి ఎవరైనా వచ్చి ఏం జరుగుతోందో చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆ ఖాళీలో పుకారు పుడుతుంది.

ఇంకొకటి, దీన్ని మాత్రం వదలొద్దు: ఒప్పుకున్నవన్నీ పనికి రాకపోవచ్చు. మెదడు ఆగాక ఒంట్లో నీరు నిలవదు, గంటకు మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల మూత్రం పోతుంది. బీపీ పడిపోతుంది, సోడియం పెరుగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఐసీయూ వాళ్లు ఎంత పాటుపడినా మధ్యలో గుండె ఆగిపోవచ్చు. అప్పుడు మిగిలేది కళ్లు, చర్మం లాంటి కణజాలమే. "ఎనిమిది మందికి ప్రాణం పోస్తారు" అని ముందే ఊరించి, చివరికి ఏదీ పనికిరాలేదని చెబితే ఆ ఇంటికది ఇంకో చావు. ప్రయత్నం జరుగుతుందని చెప్పండి, లెక్క చెప్పకండి.

మన మూడు జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు: తలకు దెబ్బ తగిలినవాళ్లను అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు పంపిస్తారు. బ్రెయిన్ డెడ్ అని ఎక్కడ తేలితే ఆ రాష్ట్ర వ్యవస్థే కేటాయిస్తుంది. బెంగళూరులో అయితే కర్ణాటక వాళ్ల జీవసార్థకతె, హైదరాబాద్‌లో అయితే తెలంగాణ జీవన్‌దాన్. సర్టిఫికెట్టు, ఉత్తరాలు, తర్వాతి ఫోన్లు అన్నీ అక్కడి నుంచే రావాలి. మన ఆంధ్రా జీవన్‌దాన్‌కు ఫోన్ చేస్తే వాళ్ల దగ్గర ఆ వివరాలు ఉండవు.

కాగితాల_మేస్త్రీ (అనంతపురం)

నేను డబ్బులు, కాగితాల సంగతి రాస్తాను. ఇది సరిగ్గా లేకపోతే ఏడ్చే తీరిక కూడా దొరకదు.

మొదట బిల్లు. సమ్మతి తర్వాత అవయవాలను కాపాడటానికి, తీయడానికి, తరలించడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని ఆ చట్టం కింద కేంద్రం చేసిన 2014 నియమాల్లోనే ఉంది. అంతకుముందు జరిగిన వైద్యం బిల్లు మాత్రం మామూలు బిల్లే, ఆరోగ్య పథకమో సొంత డబ్బో అది వేరే లెక్క. ఈ రెంటినీ ఒకే బిల్లులో కలిపేసే చోట గొడవ వస్తుంది. సమ్మతి ఇచ్చిన సమయం వరకు అయిన బిల్లు విడిగా తీయమని అడగండి. పాత బిల్లు మాఫీ చేస్తాం, దానం చేయండి అని ఎవరైనా అంటే ఆ మాటే నేరం కిందికి వస్తుంది. అవయవాలతో డబ్బు లావాదేవీకి కేంద్ర చట్టంలో 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది.

తర్వాత మరణించిన సమయం. చావు కబురు డాక్టరు ఒకసారి చెబుతాడు, బోర్డు ఇంకోసారి సంతకాలు చేస్తుంది, ఆపరేషన్ థియేటర్‌లో గుండె తీసేది మరుసటి రోజు తెల్లవారుజామున. పంచనామాలో ఒక తేదీ, పోస్ట్‌మార్టంలో ఒక తేదీ, డెత్ సమ్మరీలో మరొకటి పడితే ఆ తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్సు, పట్టాదారు పాసుపుస్తకం, ప్రమాద పరిహారం కేసు అన్నీ ఆ ఒక్క దగ్గర ఇరుక్కుంటాయి. రెండో విడత పరీక్షలు ముగిసి బోర్డు ధ్రువీకరించిన సమయాన్నే అన్ని కాగితాల్లో రాయమని ఆసుపత్రి దాటకముందే పట్టుబట్టండి. సంతకాలు అయిపోయాక దిద్దించడానికి నెలలు పడుతుంది.

మరణ నమోదు చనిపోయిన చోటే జరుగుతుంది, సొంతూళ్లో కాదు. గుత్తి మనిషి కర్నూలు ఆసుపత్రిలో పోతే కర్నూలు నగరపాలక సంస్థ, బెంగళూరులో పోతే అక్కడి రిజిస్ట్రార్. చాలామంది ఊరి సచివాలయం చుట్టూ తిరిగి అలిసిపోతారు. గడువు 21 రోజులు, ఆసుపత్రే పంపాలి. కానీ పేరు స్పెల్లింగ్, ఆధార్ నంబరు సరిచూసుకోవాల్సింది మనమే. పది కాపీలు తీసుకోండి, అన్నీ ఖర్చవుతాయి.

రోడ్డు ప్రమాదం అంటే మెడికో లీగల్ కేసు (ఆసుపత్రి పోలీసులకు తెలపాల్సిన కేసు), ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా (2024 జూలై నుంచి కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 194 సెక్షన్), పోస్ట్‌మార్టం ఉంటాయి. దానం చేసినంత మాత్రాన పోస్ట్‌మార్టం పోదు. ఆసుపత్రి స్టేషనుకు రాతపూర్వకంగా తెలపాలి, వాళ్ల అనుమతితోనే అవయవాలు తీస్తారు, ఫోరెన్సిక్ డాక్టరు అదే సమయంలో దగ్గరుండి గాయాలు రాసుకోగలిగితే రెండుసార్లు కోత తప్పుతుంది. ప్రమాదం కదిరిలో, ఆసుపత్రి కర్నూలులో అయితే కదిరి స్టేషను నుంచి కానిస్టేబులు రావడానికే పూట గడిచిపోతుంది. సమ్మతి ఆలోచనలో ఉండగానే స్టేషనుకు కబురు పెట్టడం మంచిది. పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడమనిషి అయితే తహసీల్దారు స్థాయి వాళ్లు పంచనామా చేయాలి, ఇంకా ఆలస్యం. చీకటి పడింది, పోస్ట్‌మార్టం రేపే అని ఎవరైనా అంటే 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన ఉత్తర్వు గుర్తుచేయండి. సౌకర్యాలున్న ఆసుపత్రిలో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చు, అవయవదానం ఉన్నవాటికి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది.

పోస్ట్‌మార్టం నివేదికలో ఏ అవయవాలు దానానికి తీశారో స్పష్టంగా ఉండాలి. లేకపోతే క్లెయిమ్ దగ్గర "కాలేయం లేదేంటి?" అని ప్రశ్న వస్తుంది. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ఉంటే ప్రమాద మరణానికి 2 లక్షలు, 436 కట్ అయ్యే జీవన్ జ్యోతి ఉంటే ఇంకో 2 లక్షలు. పాసుబుక్కు ఎంట్రీలు చూస్తే తెలిసిపోతుంది. 30 రోజుల్లోపు బ్యాంకుకు చెప్పండి. ఈ విషయం దినాల హడావుడిలో పడి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

కంటిపాప_టెక్నీషియన్ (కడప)

మీ పుస్తకంలో నేత్రదానానికి వేరే పేజీ పెట్టండి. ఊళ్లలో ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. గుండె, కాలేయం ఇవ్వాలంటే మనిషి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండి బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. కళ్లు మాత్రం ఇంట్లో మంచం మీద పోయిన ఎనభై ఏళ్ల జేజివి కూడా ఇవ్వొచ్చు. అద్దాలున్నా, శుక్లాల ఆపరేషను అయినా, షుగరున్నా, బీపీ ఉన్నా ఫర్వాలేదు. ఎయిడ్స్, హెపటైటిస్ బి, సి, కుక్కకాటు రేబిస్, రక్త క్యాన్సర్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ ఉంటే తీసుకోరు.

ఆరు గంటల గడువు అంటారు, మన ఎండల్లో మూడు నాలుగు గంటల్లో అయితే బాగుంటుంది. ఫోన్ చేశాక ఇంటివాళ్లు చేయాల్సింది: ఫ్యాన్ ఆపాలి. ఫ్యాన్ గాలికి నల్లగుడ్డు మీద పొర ఎండిపోతుంది, అన్నిటికన్నా ఎక్కువగా కళ్లు పాడయ్యేది దీనివల్లే. ఏసీ ఉంటే వేయండి, ఫ్రీజర్ బాక్సులో పెట్టినా ఇబ్బంది లేదు. రెప్పలు మూసి, తడి దూది పెట్టండి, ఆరిపోతుంటే మళ్లీ తడపండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచితే తర్వాత రక్తం కారడం తగ్గుతుంది. డాక్టరు రాసిన మరణ ధ్రువీకరణ సిద్ధంగా ఉండాలి, సంతకానికి దగ్గరి బంధువు, ఇద్దరు సాక్షులు. ఫోన్ నంబరు 1919. కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది కాబట్టి వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

పని 15, 20 నిమిషాలే. కొద్దిగా రక్తం పరీక్షకు తీసుకుంటారు. గుడ్డు మొత్తం తీసినా, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మాత్రమే తీసినా లోపల ప్లాస్టిక్ తొడుగు పెట్టి రెప్ప మూసేస్తారు, ముఖం మారదు. ఒక్కోసారి రెప్ప కింద కమిలినట్టు నల్లబడుతుంది, ముక్కు వైపు చుక్క రక్తం కారుతుంది. ఈ సంగతి ముందే చెప్పి, ఒక దూది ఉండ వాళ్ల చేతికిచ్చి రండి. స్నానం చేయించేటప్పుడు ఎవరో ఆడమనిషి చూసి కేకపెడితే ఆ ఊళ్లో ఇంకెవరూ కళ్లివ్వరు.

ఇచ్చిన ప్రతి కన్నూ చూపు కోసమే వాడతారని మాట ఇవ్వకండి. కణాల లెక్క చూస్తారు, చదరపు మిల్లీమీటరుకు 2,000 పైన ఉంటే చూపు ఆపరేషనుకు పెడతారు. తక్కువుంటే పుండు పడిన కంటిని కాపాడటానికో, డాక్టర్ల శిక్షణకో వాడతారు. అదీ అవసరమైన పనే అని ముందే చెబితే తర్వాత ఉత్తరం చదివి బాధపడరు.

చర్మం తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచటి పైపొర మాత్రమే తీస్తారు. దాన్ని గ్లిసరాల్‌లో ఏళ్లపాటు నిల్వ ఉంచి కాలిన గాయాలవాళ్లకు కప్పుతారు. దీనికీ ఆరు గంటల గడువే. మన జిల్లాల్లో కరపత్రంలో వేసేముందు చర్మం తీసే టీమ్ సమయానికి రాగలదో లేదో కనుక్కోండి. ఇస్తామని ఎదురుచూసి, ఎవరూ రాక, అలాగే తీసుకెళ్లిన ఇళ్లకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

దేహదానం ఇంకో సంగతి. మెడికల్ కాలేజీ అనాటమీ వాళ్లు కళ్లు తీసిన దేహాన్ని తీసుకుంటారు. పోస్ట్‌మార్టం అయిన, అవయవాలు తీసిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

చాలా చాలా కృతజ్ఞతలు. ఇది నాలుగు పేజీల్లో పట్టేట్టు లేదు, ఎనిమిది చేస్తాం. రెండు సంగతులు ఇంకా మిగిలాయి. ఒకటి, "అమ్ముకున్నారు" అన్న నింద. రెండు, అవయవం అందుకున్నవాళ్లను కలవడం. ఆదోని, కర్నూలు పాతబస్తీ వైపు ముస్లిం కుటుంబాలు అంత్యక్రియల ఆలస్యం గురించి కూడా అడుగుతుంటారు.

కడప_కౌన్సెలర్

నింద విషయం ముందు. ఇది ఎక్కడ పుడుతుందో చూడండి. ఊరంతా చందా వేసి వైద్యం చేయించారు, మనిషి పోయాడు, ఒకటి రెండు నెలల్లో ఇన్సూరెన్సు డబ్బో, ప్రభుత్వ సాయమో వచ్చింది, ఇంటికి రేకులు మార్చారు. అంతే. దీనికి వాదన పనిచేయదు, కాగితం పనిచేస్తుంది. ఒక గట్టి కవరులో ఫారం 8 నకలు, కట్టిన బిల్లుల రసీదులు, జీవన్‌దాన్ సర్టిఫికెట్టు, వచ్చిన ప్రతి చెక్కు ఏ పథకం కింద వచ్చిందో రాసిన కాగితం పెట్టుకోమనండి. కోఆర్డినేటర్ గానీ ఆసుపత్రి తరఫు మనిషి గానీ పెద్ద దినం నాడు వచ్చి, పది నిమిషాలు నిలబడి, నలుగురిలో సర్టిఫికెట్టు ఇచ్చి, డబ్బు ప్రసక్తే ఉండదని, చట్టంలో శిక్ష ఇంత అని చెప్పి వెళితే చాలావరకు నోళ్లు మూతపడతాయి. ఊరి సర్పంచును, మసీదు పెద్దనో చర్చి పాస్టరునో అప్పుడే పిలవాలి. ఆసుపత్రి గేటు దగ్గర పూలమాలలు వేసి ఫోటోలు తీయడం కన్నా దీని విలువ ఎక్కువ అని నా నమ్మకం.

"మీవాడు ఇంకా బతికే ఉన్నాడమ్మా, ఎనిమిది మందిలో" అని అందరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఆ పూటకు అది ఊతమే. కానీ ఆ మాటను పట్టుకున్న తల్లి గుండె ఎక్కడుందో వెతకడం మొదలుపెడుతుంది, పేపర్లో గ్రీన్ ఛానల్ (అవయవం తీసుకెళ్లే బండికి ట్రాఫిక్ ఆపి దారివ్వడం) వార్త చూసి హైదరాబాద్ ఆసుపత్రి పేరు పట్టుకుంటుంది, ఫేస్‌బుక్‌లో తేదీలు కలుపుతుంది. దొరికిన మనిషి ఫోన్ ఎత్తకపోయినా, ఏడాదిలో చనిపోయినా, ఆమెకు కొడుకు మళ్లీ పోయినట్టే. పిల్లలకైతే ఇది ఇంకా గందరగోళం. "నాన్న బతికుంటే ఇంటికెందుకు రాడు?" పిల్లలకు తిన్నగా చెప్పండి: నాన్న చనిపోయాడు, ఇక రాడు, ఆయన గుండె పాడవలేదు కాబట్టి జబ్బుతో ఉన్న వేరే మనిషికి డాక్టర్లు పెట్టారు.

అందుకే దాత, గ్రహీత వివరాలు గోప్యంగా ఉంచాలి. వయసు, ఆడా మగా, ఏ అవయవం, ఎలా ఉన్నారు అన్నంతవరకు కోఆర్డినేటర్ ద్వారా తెలుసుకోవచ్చు. ఉత్తరం కూడా వాళ్ల ద్వారానే, పేరు, ఊరు, ఆసుపత్రి, ఫోన్ నంబరు లేకుండా. కొందరు ఇళ్లకు ఏ కబురూ వద్దనిపిస్తుంది, అదీ సరే. ఆ సంగతి మొదటి నెలలోనే అడిగి రాసిపెట్టుకోవాలి: చెప్పమంటారా, వద్దా, చెడు వార్త అయినా చెప్పమంటారా? మూడో ప్రశ్న ఎవరూ అడగరు, అసలు అవసరమైంది అదే.

ఫోన్లు ఎప్పుడు చేయాలంటే వారానికి, నెలకు, మూడు నెలలకు, ఏడాది తిథికి ముందు. ఫోన్‌లో "ధైర్యంగా ఉండండి" అనకండి. నిద్ర పడుతోందా, వంట చేసుకుంటున్నారా, కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయి, ఆ రోజు గురించి అడగాలనుకున్నది ఏమైనా మిగిలిపోయిందా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబుగా "వేలు కదిలింది కదా సార్" లాంటివి అప్పుడే బయటకొస్తాయి. భర్త పోయిన ఆమెతో విడిగా మాట్లాడాలి, అత్తగారి ఫోన్‌కు చేస్తే ఆమె గొంతు వినబడదు. ఏడాది దాటినా రోజులో ఎక్కువసేపు అదే ధ్యాస, పనికి వెళ్లలేకపోవడం, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఉంటే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను టెలీ మానస్ 14416, లేదా జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం. దానం దుఃఖాన్ని తగ్గిస్తుందని ఎవరికీ చెప్పకండి. ఇచ్చామన్న తృప్తి, మనిషి లేడన్న బాధ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

ఆగస్టు 3న అవయవదాన దినోత్సవం చేస్తారు. 1994లో అదే రోజున ఎయిమ్స్‌లో తెలుగువాడైన డాక్టర్ పి. వేణుగోపాల్ బృందం దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసింది. ఆ రోజు వేదిక మీదికి కుటుంబాలను పిలిచేటప్పుడు రెండు వారాల ముందు అడగండి, రానన్నవాళ్లను మళ్లీ అడగొద్దు, మైకు ఇచ్చి మాట్లాడమనొద్దు.

ముస్లిం కుటుంబాలకు: అవయవదానం షరతులతో సమ్మతమేనని 1988లో జెడ్డాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అయినా స్థానిక ఉలమాల్లో (మత పండితుల్లో) భిన్నాభిప్రాయాలున్నాయి, కుటుంబం తమ పెద్దలను అడిగి నిర్ణయించుకోవడానికి సమయమివ్వాలి. ఖననం ఆలస్యమవుతుందన్నది నిజం, దాచొద్దు. గొంతు కింద నుంచి పొత్తికడుపు దాకా ఒకే కోత ఉంటుంది, కుట్టి కట్టు కడతారు, గుసుల్ (ఖననానికి ముందు చేయించే స్నానం) చేయించడానికి అడ్డం లేదు. నీళ్లు కుట్ల మీద గట్టిగా పోయొద్దని, దూది అదనంగా పెట్టుకోవాలని స్నానం చేయించేవాళ్లకు చెప్పి పంపండి. మన వైపు పూడ్చిపెట్టే కులాల వాళ్లకూ, దహనం చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

డయాలసిస్_యూనిట్

అందుకున్న ఇంటి గురించి నాలుగు మాటలు, ఉత్తరాలు రాసేది వాళ్లే కాబట్టి. కిడ్నీ పెట్టగానే కథ ముగియదు. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ లాంటి మాత్రలు జీవితాంతం, పన్నెండు గంటల తేడాతో, ఒక పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. డబ్బులు లేవనో, బాగానే ఉంది కదా అనో మాత్రలు ఆపితే శరీరం ఆ కిడ్నీని తిప్పికొడుతుంది. పెట్టిన కిడ్నీ జీవితకాలం పనిచేస్తుందన్న హామీ లేదు, బాగా చూసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు వస్తుంది. దాత కుటుంబానికి ఈ సంగతి తెలిసి ఉండాలి, కిడ్నీ ఆగిపోతే "మావాడిది సరిగ్గా చూసుకోలేదు" అనుకోకుండా.

అందుకున్నవాళ్లలో చాలామందికి "ఇంకొకరి చావు కోసం ఎదురుచూశామా" అన్న ముల్లు ఉంటుంది. అందుకే ఉత్తరం రాయలేకపోతారు. ఉత్తరం రాలేదంటే కృతజ్ఞత లేదని కాదని మీ పుస్తకంలో వేయండి. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే: అర పేజీ చాలు, డబ్బు ఇస్తామని రాయొద్దు, ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారో రాయండి. "వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేదాన్ని, ఇప్పుడు మళ్లీ బడిలో పాఠం చెబుతున్నా" అన్న వాక్యం చాలు.

ఐసీయూ_కోఆర్డినేటర్

చివరి పేజీలో ఖాళీ గీతలు పెట్టండి సార్: బోర్డు ధ్రువీకరించిన మరణ తేదీ, గంట, ఏ రాష్ట్ర వ్యవస్థ, ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను, ఏ అవయవాలు తీశారు, ఏవి పనికొచ్చాయి, కోఆర్డినేటర్ పేరు, ఫోన్, ఆయన మారితే అడగాల్సిన ఆఫీసు నంబరు, కబురు చెప్పమన్నారా, వద్దన్నారా. కింద నోటో (అవయవ మార్పిడి పనులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) టోల్ ఫ్రీ 1800114770, టెలీ మానస్ 14416, కళ్లకు 1919. చనిపోయాక దానం చేస్తామని ప్రతిజ్ఞ నమోదు చేసుకోవాలన్నవాళ్లకు ఆధార్‌తో నోటో వెబ్‌సైట్‌లో చేయొచ్చని ఒక లైను చాలు, అయితే దాత కార్డు ఉన్నా ఇంటివాళ్ల సంతకం లేనిదే మన దగ్గర ఎవరూ ముందుకెళ్లరని, కాబట్టి ఇంట్లో చెప్పి ఉంచమని రాయండి.

ఆ గీతలను భౌతికకాయం అప్పగించేటప్పుడే కోఆర్డినేటర్ తన చేత్తో నింపి, ఒక నకలు ఆసుపత్రి ఫైలులో పెట్టాలి. కుటుంబం నింపుకుంటుందని వదిలేస్తే ఖాళీగానే ఉంటుంది. పుస్తకం భార్యకు ఒకటి, తల్లిదండ్రులకు ఒకటి, రెండు కాపీలు ఇవ్వండి. ఆ రెండు ఇళ్లూ ఏడాది తిరిగేసరికి వేరైపోవడం మామూలే.